పని ఎంత? – ఇంటి చాకిరీలో ఒక పాత తగాదా

మా కళాశాల స్టాఫ్ రూములో మధ్యాహ్నం పూట రాజకీయాలకంటె ఎక్కువగా చర్చకు వచ్చే విషయం ఒకటి ఉన్నది. అది పనిమనుషుల సంగతి. “పండగ ముందు బూజులు దులపమంటే అది నా పని కాదన్నదండీ” అంటుంది ఒకామె. “చుట్టాలు నలుగురు వస్తున్నారని తెలిసి ఆ పూటే నాగా పెట్టింది” అంటుంది ఇంకొకామె. “పొగరెక్కింది” అని మూడో ఆమె తీర్పు చెబుతుంది. అందరూ తల ఊపుతారు. నేనూ ఊపాను, చాలాకాలం.

ఇదే గదిలో, ఇదే బల్ల చుట్టూ కూర్చుని 2024 ఎన్నికల నాడు మేము మాట్లాడుకున్న మాటలు వేరు. పాఠం చెప్పడానికి జీతమిచ్చి పోలింగు పెట్టెలు మోయించడం ఏమిటని, వారానికి ఇన్ని పీరియడ్లని రాసి ఉండగా అదనపు పని ఎవరి ఉత్తరువు మీద చెయ్యాలని మేమంతా గట్టిగా అడిగాము. అడగడంలో తప్పు లేదు. బడి పంతుళ్ళ విషయంలో 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధించని మరే పనికీ వారిని వాడుకోరాదని స్పష్టంగా చెబుతున్నది. అంటే ఉపాధ్యాయుడి పనికి చట్టమే ఒక గీత గీసింది. ఆ గీత దాటితే సంఘం ఉన్నది, వినతిపత్రం ఉన్నది, ధర్నా ఉన్నది. బూజులు దులపనన్న మనిషి గీసుకున్న గీత మాత్రం మనకు పొగరుగా కనిపించింది.

ఈ తేడా మనసుల మంచి చెడ్డలనుంచి వచ్చింది కాదు. దానికొక చరిత్ర ఉన్నది. ఇంటి యజమానికీ పనిమనిషికీ మధ్య “ఏది నీ పని, ఏది కాదు” అనే తగాదా పైకి ఎంత చిల్లరగా కనిపించినా, వెట్టినుంచి కూలికి మన సమాజం చేసిన ప్రయాణంలో ఇంకా పూర్తికాని ఘట్టం అదే. వెట్టిలో దొర మనిషిని పట్టుకుంటాడు. ఆ మనిషి చేత ఏం చేయించాలన్నది దొర ఇష్టం. కూలిలో మనిషి తన పనిని అమ్ముతుంది. తాను మాత్రం తనదే. ఈ రెండింటి మధ్య ఉన్న సరిహద్దు ఈనాటికీ మన పెరట్లో, మన వంటింటి తూము దగ్గర తేలకుండా ఉన్నది.

నైజాం తెలంగాణలో వెట్టి స్వరూపాన్ని గురించి పుచ్చలపల్లి సుందరయ్యగారు తన తెలంగాణా పోరాట చరిత్రలో వివరంగా రాశారు. కులానికొక పని. చాకలివారు అధికారుల ఇళ్ళలో, దొరల ఇళ్ళలో బట్టలు ఉతకాలి, గిన్నెలు కడగాలి. మంగలివాడు రోజూ గడీకి పోవాలి. రాత్రిపూట దొర కాళ్ళు పిసకాలి. దళిత కుటుంబాలు ఇంటికొక మనిషిని పంపాలి. ఆ మనిషి కబురు మోస్తాడా, కట్టెలు కొడతాడా, వాకిలి ఊడుస్తాడా అన్నది ఆనాటి దొర అవసరాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటె ఘోరమైనది ఆడబాపల వ్యవస్థ. దొరల ఆడపిల్ల అత్తవారింటికి పోతే సామానుతోపాటు దాసీపిల్లలను కూడా పంపేవారు. ఆ పిల్ల పని ఏమిటి? నీళ్ళు తోడడం పని. పడక వెయ్యడం పని. ఆ ఇంటి మగవాళ్ళ కోరిక తీర్చడమూ పనే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో వనజ పాత్రను చూచినవారికి ఈ సంగతి నేను విప్పి చెప్పనక్కరలేదు. ఆ పాత్ర మనల్ని కలవరపెట్టేది ఆమె పడే కష్టం వల్ల మాత్రమే కాదు. ఆమె చెయ్యవలసిన పనికి ఎక్కడా అంచు లేకపోవడం వల్ల.

అంచు లేని పనిలో “పని ఎంత?” అనే ప్రశ్నకే చోటు లేదు. అందుకనే ఆ ప్రశ్నను అడగగలగడం ఒక చారిత్రక విజయమని నేనంటాను. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం కాలం నుంచీ వెట్టి మీద తెలుగులో విమర్శ మొదలయింది. మాడపాటి హనుమంతరావుగారి తరం ఆ పనిని అర్జీలతోను, కరపత్రాలతోను సాగించింది. 1944 భువనగిరి మహాసభ నాటికి ఆంధ్ర మహాసభ నాయకత్వం రావి నారాయణరెడ్డిగారి పక్షానికి వచ్చిన తరువాత, అర్జీలో ఉన్న మాట పల్లె వాకిట్లోకి దిగింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరును మనం భూమితో కలిపి తలుచుకుంటాము. కౌలుకు చేసుకున్న పొలంలో పంటను విసునూరు దేశముఖు మనుషులకు దక్కకుండా సంఘం అండతో కాపాడుకున్నది, అది నిజమే. కాని చాకలి ఇంట పుట్టిన మనిషి, ఊరి బట్టలకూ దొర గిన్నెలకూ రాసిపెట్టి ఉన్న చేతులతో, “నా పొలం పని నాకున్నది” అని నిలబడడమే ఆనాటి దొరలకు ముందుగా మింగుడుపడని సంగతి. పంట ఆ తరువాతి మాట.

కోస్తాలో ఈ గడీలు లేవు గనుక ఈ పాపం మాకు లేదని మా ప్రాంతంవారు అనుకుంటూ ఉంటారు. మా అమ్మమ్మగారి ఊళ్ళో పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాలని ఒప్పందం. ఆ ఒప్పందంలో పాలేరు భార్య మాట ఉండదు. అయినా తెల్లవారేసరికి పశువుల సావిడి ఊడ్చేది ఆమె. పెద్దపండక్కి ఇంటి గోడలు అలికేది ఆమె. “దానికీ జీతమిస్తారా?” అని చిన్నప్పుడు అడిగితే అమ్మమ్మ నవ్వింది. “వాడికిస్తున్నాముగా” అన్నది. ఇక్కడ వెట్టి లేదు; వెట్టి నీడ ఉన్నది.

ఇక దొరల ఇళ్ళలో, అంటే ఇంగ్లీషు దొరల ఇళ్ళలో, తగాదా తలకిందులుగా నడిచింది. పంతొమ్మిదో శతాబ్ది చివర ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అనే ఇద్దరు దొరసానులు హిందూదేశంలో కాపురం పెట్టే ఇంగ్లీషు స్త్రీలకోసం రాసిన గృహనిర్వహణ గ్రంథంలో నౌకర్ల విధులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. వంటవాడు, బేరరు, గిన్నెలు కడిగేవాడు, ఊడ్చేవాడు – ఒక్కొక్కరికీ ఒక్కొక్క పని. ఒకరి పని మరొకరు ముట్టరన్నది ఆ కాలపు దొరసానుల నిత్య ఫిర్యాదు. ఒక పనిమనిషి చేత అన్నీ చేయించుకునే అలవాటున్న దేశంనుంచి వచ్చినవారికి ఇది సోమరితనంగా తోచింది.

ఇక్కడ మన విమర్శకులు ఒక పొరపాటు చేస్తూ ఉంటారు. ఆ “నా పని కాదు” అన్న మాటలో శ్రమజీవి ఆత్మగౌరవాన్ని వెతుకుతారు. అది ఆత్మగౌరవం కాదు, కులం. బేరరు చీపురు పట్టకపోవడానికి కారణం తన ఒప్పందంలో చీపురు లేదని కాదు. చీపురు పట్టే మనిషి తనకంటె తక్కువ అని. అదే మాట, అవే మూడు ముక్కలు, ఒకచోట కులాన్ని కాపాడడానికి, మరొకచోట కూలిని కాపాడడానికి వాడబడ్డాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఈ తేడాను గమనించకపోతే ఈనాటి తగాదాలన్నిటిలోకీ కటువైనదాన్ని మనం అర్థం చేసుకోలేము. అది స్నానాల గది, మరుగుదొడ్డి.

పాత పట్టణాల ఇళ్ళకు వెనకవైపున సన్నని సందు ఒకటి ఉండేది. ఆ సందులోంచి వచ్చి మలం ఎత్తుకుపోయే మనిషి ఇంట్లోకి వచ్చే అవసరం లేదు, రానిచ్చేవారూ కాదు. వాకిలి ఊడ్చి అంట్లు తోమే మనిషి వేరు. తరువాత నీళ్ళ దొడ్లు వచ్చాయి. పాకీ దొడ్లను నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. 2013లో దానికంటె గట్టి చట్టం వచ్చింది. సందు మూతబడింది. సందులోంచి వచ్చే మనిషి మాయమయ్యాడు. మరి ఆ పని ఏమయింది? అది గోడ దాటి ఇంట్లోకి వచ్చి “ఇల్లు శుభ్రం చెయ్యడం” అనే మాటలో కలిసిపోయింది. దానికి జీతం పెంచినవారు ఎందరో నాకు తెలియదు కాని, “బాత్రూము మాత్రం కడగనన్నదండీ” అని ఆశ్చర్యపోయేవారిని చాలామందిని ఎరుగుదును. ఆ పని ముట్టుకుంటే ఏ కులంతో జతకడతారో పనికి వచ్చే ఆమెకు తెలుసు. గృహిణికీ తెలుసు, తెలియబట్టే తాను ముట్టుకోదు. ఇద్దరిలో ఒకరిని మాత్రమే మనం కులపిచ్చి అంటున్నాము.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి మూడేళ్ళ దాకా శిక్ష. నౌకరు యజమాని ఇంట్లో దొంగిలిస్తే, 381వ సెక్షను కింద, ఏడేళ్ళ దాకా. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ తేడా అట్లాగే ఉన్నది. అంటే ఇంటి పనిచేసే మనిషిని మన చట్టం దొంగగా గుర్తుపట్టి 160 ఏళ్ళు దాటింది. శ్రామికురాలిగా గుర్తుపట్టడానికి మాత్రం తడబడుతూ వచ్చింది. 1959లో పార్లమెంటులో ఇంటి పనివారి ఉద్యోగ నిబంధనలకోసం బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఇంటి పనిని కనీస వేతనాల పట్టికలో చేర్చింది. 2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వారిని లెక్కలోకి తీసుకున్నది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడు మాత్రం “పరిశ్రమ” అనే నిర్వచనంనుంచి ఇంటి నౌకరీని స్పష్టంగా తప్పించింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ కార్మికులకు చట్టపరమైన రక్షణ ఎట్లా ఉండాలో పరిశీలించడానికి ఒక సంఘాన్ని వెయ్యమని కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చింది. 2011-12 జాతీయ నమూనా సర్వే ఆధారంగా ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం ఈ పనిలో ఉన్నవారు 39 లక్షలమంది. అందులో 26 లక్షలమంది స్త్రీలు. పనిమనిషి లేని వీధి ఏదని అడిగితే తడుముకునే మనకు ఈ లెక్క తక్కువగానే తోస్తుంది.

ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకుంటే మన పత్రికకు న్యాయం కాదు. మన మాటేమిటి? ఆడం స్మిత్ 1776లో ఇంటి నౌకరు శ్రమ దేని విలువనూ పెంచదన్నాడు. మార్క్సు ఆ చర్చను వేరే దారిలో నడిపాడు. అయితే ఆయన ఇంటి నౌకర్లను చూడకుండా పోలేదు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో 1861 జనాభా లెక్కలు తిరగేసి, ఇంగ్లండు, వేల్సులలో నౌకర్ల సంఖ్య 12,08,648 అని, అది బట్టల మిల్లుల్లోనూ గనుల్లోనూ కలిపి పనిచేసేవారికంటె ఎక్కువని చూపించాడు. యంత్రం ఒకచోట మనిషిని మిగిల్చితే, ఆ మిగిలిన మనిషి ఎక్కడ తేలుతున్నదో ఆయన కనిపెట్టాడు. ఆయన కనిపెట్టినదాన్ని మనం చదివి పక్కన పెట్టాము. మిల్లు గేటు దగ్గర జెండా పాతడం మనకు తెలుసు. గేటు లేని చోట, ఒక్కొక్క యజమానికి ఒక్కొక్క కార్మికురాలు ఉన్నచోట, పైగా ఆ యజమాని మన సభ్యుడే అయినచోట, జెండా ఎక్కడ పాతాలో మనకు తోచలేదు. తోచకపోవడంలో కొంత మన సౌకర్యం కూడా ఉన్నది.

మనకు తోచనిది పూనా స్త్రీలకు తోచింది. 1980లో ఆ నగరంలో ఇళ్ళ పనివాళ్ళు సమ్మె కట్టారు. ఆ సమ్మెలోంచే పూనా శహర్ మోల్‌కరీణ్ సంఘటన పుట్టింది. అటువంటి సంఘాలు ఎక్కడ నిలబడినా వాటి పోరాటం ఒక పట్టిక చుట్టూ తిరిగింది: అంట్లకు ఇంత, బట్టలకు ఇంత, ఇల్లు తుడవడానికి ఇంత, మనుషుల సంఖ్య పెరిగితే ఇంత. సాహిత్య విద్యార్థినిని గనుక పట్టికలంటే నాకు చిన్నచూపు ఉండేది. ఇప్పుడు లేదు. అంచు లేని చాకిరీకి అంచు కుట్టిన పని అది.

యజమానుల పక్షాన వినిపించే పెద్ద వాదన ఒకటి ఉన్నది. “మా ఇంటి మనిషిలాంటిది. ఆమెతో లెక్కలేమిటి?” అని. ఈ వాదనలో అంతా కపటమే అనడం నాకు సమ్మతం కాదు. పండక్కి చీర పెట్టేటప్పుడు, పిల్లవాడి ఫీజుకు అప్పు ఇచ్చేటప్పుడు ఆ మాట కొంత నిజంగానే అంటాము. పనికి వచ్చే ఆమె కూడా అప్పు అవసరమైన రోజున “మీరు తప్ప నాకెవరున్నారమ్మా” అని అదే బంధుత్వాన్ని గుర్తుచేస్తుంది. కాని ఈ బంధుత్వం లెక్క రాసేది ఒక్కవైపే. చీర గుర్తుంటుంది, పెళ్ళివారు దిగిన మూడు రోజులు తోమిన గుండిగలు గుర్తుండవు. ఇంటి మనిషి అయితే గ్లాసు వేరుగా ఎందుకు కిటికీలో బోర్లించి ఉంటుంది? పేపరు మీద పెట్టిన నిన్నటి కూరను ఏ చెల్లెలికి ఇస్తాము? రాయచోటి, కోనసీమ ప్రాంతాలనుంచి కువాయిత్ పోయి ఖద్దామాలుగా పనిచేసే మన స్త్రీలు చెప్పే కథల్లోనూ ఈ మాట వినిపిస్తుంది: అరబ్బు గృహిణి కూడా “నువ్వు మా ఇంటి పిల్లవే” అంటుంది, ఆ మాట అన్నరోజున చుట్టం ఇంటికి కూడా పంపి అక్కడా అంట్లు తోమిస్తుంది. కువాయిత్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక రోజు సెలవివ్వాలని అన్నది. పన్నెండు గంటలు! అయినా అదొక అంకె. మన ఇళ్ళలో ఆ అంకె కూడా లేదు.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నది. మా ఇంటికి పదేళ్ళుగా పనికి వచ్చే ఆమె నాకంటె వయసులో పెద్దది. నేనామెను నువ్వంటాను, ఆమె నన్ను మీరంటుంది. అంట్లు, ఇల్లు, బట్టలు – ఇవి ఒప్పందం. అమ్మ మంచాన పడ్డాక మురికి దుప్పట్లు కూడా వేశాను, ఏమీ అనలేదు. మంచంలో పెట్టే బెడ్ పాను కూడా ఎత్తమన్నాను. నాలుగో రోజున ఆమె గుమ్మం దగ్గర నిలబడి, “దుప్పట్లు ఉతుకుతానమ్మగారూ. గిన్నె మాత్రం ఎత్తను. ఆసుపత్రిలో దానికి వేరే మనిషిని పెట్టి జీతమిస్తారు కదా” అన్నది.

అమ్మ మంచం మీదనుంచే, “పదేళ్ళు మా ఉప్పు తిన్నావే” అన్నది.

“తిన్న ఉప్పుకు తోమిన అంట్లున్నాయండీ, పెద్దమ్మగారూ” అని చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. నేను చదివిన పుస్తకాలేవీ ఆ కోపానికి అడ్డు రాలేదు. వీధి చివర ఉండే ఇంకొకామెకు కబురు పెట్టాను. ఆమె రాలేదు. పక్క సందులో మరొకామె, “ఆ ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలుసు లెండి, ఆమె రేటుకు తక్కువకు మేము రాము” అని మా వాచ్‌మన్‌తో చెప్పి పంపింది. వాళ్ళకు సంఘం లేదు, రసీదు పుస్తకం లేదు, కార్యదర్శి లేడు. పొద్దున కొళాయి దగ్గర మాట్లాడుకుంటారు, అంతే. నాలుగు రోజులు గిన్నె నేనే ఎత్తాను. మొదటి రోజు వాంతి అయింది. అందుకు కళాశాలకు సెలవు పెట్టాను. అది మా అధ్యాపకుల సంఘం కొట్లాడి తెచ్చుకున్న సెలవు.

ఐదో రోజు నేనే ఆమె ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, మా ఇంట్లో ఆమెకు లేని గౌరవంతో. బేరం అక్కడ జరిగింది. గిన్నెకు నెలకు విడిగా ఎంతో ఆమె చెప్పింది. అంకె నాకు ఎక్కువనిపించింది. “మీరు నాలుగు రోజులు చేశారు కదమ్మా, మీరే చెప్పండి ఎంతో” అన్నది. నేను తగ్గించమని అడగలేకపోయాను. దుప్పట్లకు కూడా అడిగింది. బూజులు ఏడాదికి రెండుసార్లు, దానికి వేరే. స్నానాల గదికి యాసిడ్ కాదు, పొడి, చేతికి తొడుగు. చుట్టాలు నలుగురు దాటితే ముందురోజు చెప్పాలి.

మా వంటింటి గోడకు ఉన్న కాలెండరు మీద పదేళ్ళుగా ఎర్ర సిరాతో నేను ఆమె నాగాలు గుర్తుపెట్టేదాన్ని. ఇప్పుడు దాని పక్కనే, చదువు రాకపోయినా, అదనంగా చేసిన పని ఉన్న రోజున ఆమె పెన్సిలుతో ఒక గీత పెడుతున్నది. అమ్మకు అది నచ్చలేదు; గోడ పాడవుతున్నదంటుంది. ఈ నెల ఎర్ర చుక్కలు రెండు, పెన్సిలు గీతలు ఏడు. ఏడులో ఒకటి నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తున్నది: పదిహేనో తారీఖు, మా స్టాఫ్ రూము స్నేహితురాళ్ళు ఆరుగురు భోజనానికి వచ్చిన రోజు.